లైసెన్సున్న పిస్టల్‌ను ఒంటి మీద ఎక్కడ పెట్టుకోవాలి? స్థానం ఎంచుకునే పద్ధతి, దశలవారీగా

దుస్తుల కింద పిస్టల్ పెట్టుకోవడానికి అనుమతి చేతికి రాగానే ఎక్కువమంది హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర) కొనేస్తారు. అది ఎక్కడో గుచ్చుకుంటుంది. ఇంకొకటి కొంటారు. కొన్నాళ్లకు సొరుగు నిండా వాడని హోల్‌స్టర్లు పోగుపడతాయి. వరుస తిరగేస్తే ఈ తిప్పలు ఉండవు: ముందు మీ రోజువారీ కదలికలు చూడాలి, తర్వాత ఒంటి మీద స్థానం, దానికి తగిన హోల్‌స్టర్, బెల్ట్, చివరగా దుస్తులు.

ఇంకో మాట కూడా ముందే చెప్పుకోవాలి. చాలామంది అద్దం ముందు నిటారుగా నిలబడి స్థానం ఎంచుకుంటారు. నిలబడినప్పుడు దాదాపు అన్ని స్థానాలూ బాగానే అనిపిస్తాయి. లోపాలు బయటపడేది కూర్చున్నప్పుడు, వంగినప్పుడు, కారు ఎక్కి దిగేటప్పుడు. అందుకే కింద చెప్పే పరీక్షల్లో అద్దం కన్నా కుర్చీతోనే పని ఎక్కువ.

1. మొదలుపెట్టే ముందు

చట్టం సంగతి ముందు తేల్చుకోండి. చాలాచోట్ల ఆయుధం ఉంచుకునే లైసెన్సు వేరు, దాన్ని దాచి వెంట తీసుకెళ్లే అనుమతి వేరు. ఏ ప్రదేశాల్లోకి తీసుకెళ్లకూడదు, చొక్కా కింద ఆకారం కనిపిస్తే నేరమా కాదా, మద్యం తాగి ఉంటే ఏమవుతుంది, పోలీసులు ఆపితే ముందుగా చెప్పాలా వద్దా: ఇవన్నీ ఊరు మారితే మారిపోతాయి. మీరుండే చోటి నియమాలను అనుమతి ఇచ్చిన అధికారుల దగ్గరే తెలుసుకోండి. అనుమతి లేకపోతే ఈ వ్యాసం మీకు పనికిరాదు.

పిస్టల్‌ను సురక్షితంగా పట్టుకోవడం, తూటాలు నింపడం, ఖాళీ చేయడం రేంజ్‌లో (కాల్పులు సాధన చేసే చోట) శిక్షకుడి దగ్గర నేర్చుకుని ఉండాలి. అది రానివాళ్లు ఒంటి మీద పెట్టుకునే ఆలోచన వాయిదా వేసుకోవడమే మంచిది.

పరీక్షలకు సిద్ధం చేసుకోవాల్సినవి:

- అదే కొలతల్లో ఉండే ప్లాస్టిక్ లేదా రబ్బరు నమూనా పిస్టల్. అది దొరకకపోతేనే ఖాళీ చేసిన అసలు పిస్టల్
- మీరు నిజంగా వేసుకునే ప్యాంట్లు, చొక్కాలు, మూడు నాలుగు జతలు
- చేతులున్న కుర్చీ, లోతైన సోఫా, కారు సీటు
- నిలువుటద్దం, పక్కనుంచీ వెనకనుంచీ ఫొటో తీసేందుకు ఫోన్
- కొలత టేపు, రాసుకునేందుకు కాగితం

అసలు పిస్టల్ వాడక తప్పకపోతే ఖాళీ చేసే వరుస తప్పకూడదు. ముందు మ్యాగజైన్ (పిడిలో ఉండే తూటాల పెట్టె) బయటకు తీయాలి. తర్వాతే స్లయిడ్ (పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగం) వెనక్కి లాగి చాంబర్‌లోని (పేలే ముందు తూటా ఉండే అరలోని) తూటా తీసేయాలి. ఈ వరుస తారుమారైతే, అంటే మ్యాగజైన్ లోపలుండగానే స్లయిడ్ లాగితే, ఒక తూటా బయటకొచ్చి ఇంకొకటి చాంబర్‌లోకి ఎక్కుతుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసేసినా పిస్టల్ ఖాళీ కానట్టే. స్లయిడ్‌ను వెనక్కి నిలిపి చాంబర్‌ను కంటితో చూడండి, చిటికెన వేలితో తడమండి. రివాల్వర్ అయితే సిలిండర్ తెరిచి అందులోని తూటా అరలన్నీ చూడాలి. తూటాలను ఇంకో గదిలో పెట్టి తలుపు వేసి రండి. పరీక్షల మధ్యలో ఎవరైనా పిలిచి లేచి వెళ్తే, తిరిగొచ్చాక మళ్లీ మొదటి నుంచి తనిఖీ చేయాలి.

2. గడియారం లెక్క అర్థం చేసుకోండి

నడుము చుట్టూ గడియారం ఉందనుకోండి. బొడ్డు 12 గంటలు. కుడి తుంటి 3. వెన్నెముక 6. ఎడమ తుంటి 9. ఈ వ్యాసమంతా కుడిచేతి వాటం వాళ్ల లెక్కలో ఉంటుంది. ఎడమచేతి వాళ్లు అద్దంలో చూసినట్టు తిప్పుకోవాలి: 3 బదులు 9, 4 బదులు 8, 1 బదులు 11.

హోల్‌స్టర్ ప్యాంటు లోపల ఉండొచ్చు, బెల్టుకు బయట ఉండొచ్చు. బయట ఉంటే ఒంటికి హాయి, తీయడం సులువు. కానీ దాన్ని కప్పడానికి జాకెట్ లేదా బాగా పొడవైన చొక్కా కావాలి. లోపల ఉంటే మామూలు చొక్కా సరిపోతుంది, ఒత్తిడి మాత్రం ఒంటికి తగులుతుంది.

3. దేనికి ఎంత విలువ ఇవ్వాలి

స్థానాలను పోల్చేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. వరుస ఇదే ఉండాలి.

మొదటిది భద్రత. తీసేటప్పుడు, మరీ ముఖ్యంగా తిరిగి పెట్టేటప్పుడు పిస్టల్ మూతి (తూటా బయటకొచ్చే చివర) ఎవరి వైపు, మీ ఒంట్లో ఏ భాగం వైపు ఉంటుంది? హోల్‌స్టర్ నోరు మీ కంటికి కనబడుతుందా?

రెండోది అందుబాటు. కూర్చుని, సీటు బెల్టు పెట్టుకుని, ఎడమచేత్తో ఏదైనా పట్టుకుని ఉన్నప్పుడు కూడా చెయ్యి పిడి మీదికి పూర్తిగా వెళ్తుందా?

మూడోది కనబడకపోవడం. నాలుగోది సౌకర్యం.

సౌకర్యాన్ని చివర పెట్టినంత మాత్రాన అది చిన్న విషయం కాదు. గుచ్చుకునే పిస్టల్‌ను మనిషి రోజంతా సర్దుకుంటూనే ఉంటాడు, ఆ సర్దుకోవడమే దాన్ని పదిమందికీ పట్టిస్తుంది. అయితే అసౌకర్యాన్ని హోల్‌స్టర్ ఎత్తు, వంపు, బెల్టు మార్చి చాలావరకు తగ్గించుకోవచ్చు. భద్రత లేని స్థానాన్ని ఏ సామానూ బాగుచేయలేదు. తేడా అక్కడుంది.

4. రెండు రోజుల కదలికలు రాసుకోండి

పని రోజు ఒకటి, సెలవు రోజు ఒకటి. ఎన్ని గంటలు కూర్చున్నారు, ఎంతసేపు బండి నడిపారు, ఎన్నిసార్లు నేల మీదికి వంగారు, పిల్లల్ని ఎత్తుకున్నారా, ఎత్తుకుంటే ఏ పక్క నడుము మీద, జాకెట్ ఎక్కడ విప్పారు, చొక్కా లోపలికి దోపుకోవాల్సి వచ్చిందా. కాగితం మీద పెడితే సగం స్థానాలు వాటంతటవే కొట్టివేతకు గురవుతాయి. ఆఫీసులో జాకెట్ విప్పే మనిషికి భుజం హోల్‌స్టర్ కుదరదు. రోజుకు ఆరు గంటలు బండి నడిపే మనిషికి 4 గంటల స్థానం కష్టం.

5. స్థానాలు ఒక్కొక్కటిగా

5.1 తుంటి మీద, 3 గంటలు

నేర్చుకోవడానికి అన్నిటికన్నా సులువైన చోటు. చెయ్యి సహజంగా వేలాడేది అక్కడికే. తీసేటప్పుడు మూతి నేలవైపు ఉండి నేరుగా ముందుకు వస్తుంది. బెల్టు బయటి హోల్‌స్టర్‌కు ఇదే సరైన స్థానం.

ఇబ్బంది వెడల్పు. తుంటి ఎముక దగ్గర మనిషి ఇప్పటికే వెడల్పుగా ఉంటాడు, దాని మీద పిస్టల్ మందం కలుస్తుంది. లోపలి హోల్‌స్టర్ పెడితే ఎముకకు నేరుగా ఒరుసుకుని ఎర్రగా కందుతుంది.

5.2 తుంటి వెనక, 3.30 నుంచి 4.30

తుంటి ఎముక దాటగానే చిన్న పల్లం ఉంటుంది. పిస్టల్ అందులో ఒదుగుతుంది. కాస్త పొట్ట ఉన్నవాళ్లకు, పెద్ద పిస్టల్ వాడేవాళ్లకు ఇది చాలాసార్లు కుదిరే చోటు. హోల్‌స్టర్‌ను 10 నుంచి 20 డిగ్రీల వరకు ముందుకు వంచి పెడితే పిడి పక్కటెముకల వాలు వెంట సాగుతుంది, వంగినప్పుడు వీపు మీద బయటకు పొడుచుకు రాదు.

దీని లోపాలు ఓపిగ్గా తెలుసుకోవాలి. మొదటిది, హోల్‌స్టర్ మీ కంటికి కనబడదు. పిస్టల్ తిరిగి పెట్టేటప్పుడు చొక్కా అంచు కూడా లోపలికి వెళ్తే ఆ గుడ్డే ట్రిగ్గర్‌ను నొక్కుతుంది. కాబట్టి ఎడమచేతిని పొట్ట మీదుగా తెచ్చి చొక్కాను ఛాతీ దాకా పైకి పట్టుకుని, మెడ తిప్పి చూస్తూ పెట్టాలి. రెండోది, కుర్చీలోంచి లేచినప్పుడు చొక్కా వెనక భాగం పిడి వెనక ఇరుక్కుని పిస్టల్ బయటపడుతుంది, మీకు మాత్రం తెలియదు. లేచిన ప్రతిసారీ మోచేత్తో ఒకసారి తాకి చూసుకోవడం అలవాటు చేసుకోండి, వేళ్లతో తడమకండి. మూడోది, భుజం పాత దెబ్బ ఉన్నవాళ్లకు మోచెయ్యి అంత వెనక్కి వెళ్లదు.

5.3 ముందు వైపు, 12.30 నుంచి 1.30

దీన్ని అపెండిక్స్ స్థానం అంటారు. పిస్టల్ కళ్లముందే ఉంటుంది, రెండు చేతులకూ అందుతుంది, కారులో కూర్చున్నా తీయగలరు. గుంపులో ఎవరైనా వెనకనుంచి తగిలినా దాని మీద చెయ్యి పడదు. కనబడకుండా ఉండటంలో కూడా, సరిగ్గా సర్దితే, దీనికి సాటి తక్కువ.

మూతి మాత్రం గజ్జల వైపు, తొడ వైపు ఉంటుంది. తొడలో పెద్ద ధమని ఉంది. అది తెగితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. హోల్‌స్టర్‌లో కదలకుండా ఉన్నంతసేపు ప్రమాదం తక్కువ, తిరిగి పెట్టే ఆ రెండు మూడు క్షణాల్లో ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవాళ్లు శిక్షకుడి ముందు ఖాళీ పిస్టల్‌తో తిరిగి పెట్టడం బాగా అలవాటయ్యేదాకా ఈ స్థానం జోలికి వెళ్లకపోవడమే సరైన నిర్ణయం.

కొలత ఇలా చూడండి. కుర్చీలో కూర్చుని బెల్టు పై అంచు నుంచి తొడ మడత దాకా టేపు పెట్టండి. హోల్‌స్టర్ బెల్టు కిందికి దిగే పొడవు అంతకన్నా ఎక్కువైతే కూర్చున్నప్పుడల్లా తొడలోకి పొడుస్తుంది. అలాగని మరీ పొట్టి హోల్‌స్టర్ కూడా మంచిది కాదు. బరువంతా బెల్టు పైన ఉండిపోతుంది, పిడి ముందుకు వాలిపోతుంది. చిన్న పిస్టల్‌కు కాస్త పొడవైన హోల్‌స్టర్ వాడటానికి కారణం ఇదే.

రెండు చిన్న భాగాలు ఇక్కడ చాలా పని చేస్తాయి. ఒకటి, ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వలయం) దగ్గర బిగించే రెక్క లాంటి ముక్క. బెల్టు దాన్ని బయటి నుంచి నొక్కితే హోల్‌స్టర్ కొద్దిగా తిరిగి పిడి పొట్టకు అతుక్కుంటుంది. రెండోది, హోల్‌స్టర్ కింది భాగంలో ఒంటి వైపు అంటించే మెత్తటి దిమ్మ. అది మూతిని ఒంటి నుంచి బయటకు తోసి పిడిని లోపలికి వాల్చుతుంది. గుచ్చుకునే బాధ కూడా తగ్గుతుంది. బెల్టు బకిల్‌ను 10 లేదా 11 గంటల దగ్గరికి జరపండి. బకిల్, హోల్‌స్టర్ పక్కపక్కన ఉంటే అక్కడ బొడిపెలా లేస్తుంది.

5.4 వెన్ను మధ్యలో, 6 గంటలు

వద్దు. వెల్లకిలా పడితే గట్టి లోహం నేరుగా వెన్నెముక మీద పడుతుంది. కూర్చుంటే చెయ్యి అందదు, వంగితే అందరికీ కనబడుతుంది, వెనకనుంచి ఎవరైనా లాక్కోవచ్చు, తిరిగి పెట్టేటప్పుడు మీకు ఏమీ కనబడదు. ఇన్ని లోపాలకు బదులుగా దక్కేది నిలబడినప్పుడు చదునుగా ఉండటం ఒక్కటే.

5.5 ఎడమ ముందు వైపు, 10 నుంచి 11

కుడిచేత్తో పొట్ట మీదుగా అందుకునే పద్ధతి. రోజంతా డ్రైవింగ్ సీట్లో ఉండేవాళ్లకు, కుడి భుజం వెనక్కి వెళ్లనివాళ్లకు ఉపయోగం. అయితే పిడి ఎదుటి మనిషి చేతికి దగ్గరగా ఉంటుంది, తీసేటప్పుడు మూతి పక్కనున్నవాళ్ల మీదుగా తిరుగుతుంది. చాలా రేంజ్‌లు దీన్ని సాధన చేయనివ్వవు. సాధన చేయలేని పద్ధతిని నమ్ముకోవడం మంచిది కాదు.

5.6 భుజం పట్టీ

బరువు భుజాలకు పంచుతుంది, ఎక్కువసేపు కూర్చునేవాళ్లకు హాయి. అడ్డంగా వేలాడే రకంలో మూతి మీ వెనక నిలబడినవాళ్ల వైపే చూస్తుంది. తీసేటప్పుడు మీ ఎడమ మోచేతి మీదుగా తిరుగుతుంది కాబట్టి ఆ మోచేతిని పైకెత్తడం నేర్చుకోవాలి. జాకెట్ విప్పే వీలుండదు.

5.7 జేబు

ముందు జేబు మాత్రమే. సుమారు 400 నుంచి 500 గ్రాముల చిన్న పిస్టల్ లేదా పొట్టి గొట్టం రివాల్వర్‌కే కుదురుతుంది. జేబు హోల్‌స్టర్ తప్పనిసరి. అది ట్రిగ్గర్‌ను కప్పాలి, పిస్టల్ తీసినప్పుడు జేబులోనే ఉండిపోవాలి. ఆ జేబులో తాళంచెవి, పెన్ను, చిల్లర, ఏదీ ఉండకూడదు. నిలబడి ఉంటే ముందే పిడి మీద చెయ్యి వేసి ఎవరికీ తెలియకుండా ఉండొచ్చు, ఇదొక మంచి సౌలభ్యం. కూర్చుంటే మాత్రం తీయడం దాదాపు అసాధ్యం. తిరిగి పెట్టేటప్పుడు హోల్‌స్టర్‌ను జేబులోంచి బయటకు తీసి, పిస్టల్ అందులో పెట్టి, రెండిటినీ కలిపి జేబులోకి దించాలి.

5.8 చీలమండ

కుడిచేతి వాళ్లకు ఎడమ కాలు లోపలి వైపు. కూర్చునో మోకాలి మీద దిగో తీయాలి కాబట్టి నడుస్తున్న మనిషికి చాలా నెమ్మది. దుమ్ము, తడి కూడా ఎక్కువ. దీన్ని రెండో ఆయుధం కోసం వదిలేయండి.

5.9 పొట్ట పట్టీ

బెల్టు లేని దుస్తులు, వ్యాయామ దుస్తులు వేసుకునేవాళ్లకు, చాలామంది ఆడవాళ్లకు ఇది పనికొస్తుంది. ఉత్త సాగే గుడ్డ చాలదు. గుడ్డ మీదుగా వేలితో నొక్కితే ట్రిగ్గర్ కదులుతుందంటే ఆ పట్టీ పనికిరానిదే. ట్రిగ్గర్ గార్డ్‌ను కప్పే గట్టి ప్లాస్టిక్ తొడుగు లోపల ఉండాలి. తీశాక నోరు ముడుచుకుపోయే పట్టీ అయితే, దాన్ని ఒంటి మీద ఉంచి పిస్టల్ దూర్చకూడదు. విప్పి, బయట పెట్టి, పిస్టల్ అమర్చి, మళ్లీ కట్టుకోవాలి.

5.10 సంచి, హ్యాండ్‌బ్యాగు

చిట్టచివరి మార్గం. సంచి మరచిపోతాం, దొంగ లాక్కుపోతాడు, పిల్లలు తెరుస్తారు. తప్పనిసరైతే పిస్టల్‌కు విడి అర, ఆ అరకు తాళం, లోపల కదలకుండా బిగించిన గట్టి హోల్‌స్టర్ ఉండాలి. పట్టీ ఒంటికి అడ్డంగా వేసుకోవాలి. సంచిని కుర్చీకి తగిలించడం, బల్లమీద పెట్టడం ఉండదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే దీన్ని జాబితాలోంచి తీసేయండి.

6. హోల్‌స్టర్, బెల్టు, ప్యాంటు

స్థానం తేలాకే ఈ దశ. హోల్‌స్టర్‌లో ఇవి ఉన్నాయో లేదో చూడండి:

- ట్రిగ్గర్ గార్డ్ మొత్తం గట్టి పదార్థంతో, రెండు వైపులా కప్పి ఉండాలి
- పిస్టల్ తీశాక కూడా నోరు తెరుచుకునే ఉండాలి
- మీ మోడల్‌కే చేసినదై ఉండాలి. పిస్టల్‌కు లైటు బిగిస్తే హోల్‌స్టర్ కూడా మారుతుంది
- తలకిందులు చేసి ఊపినా ఖాళీ పిస్టల్ జారకూడదు. ఈ పరీక్ష పరుపు మీదే చేయండి
- క్లిప్పు బెల్టు కింది అంచును పూర్తిగా పట్టుకోవాలి. లేకపోతే పిస్టల్‌తోపాటు హోల్‌స్టర్ కూడా చేతికొస్తుంది

కైడెక్స్ లాంటి గట్టి ప్లాస్టిక్ ఆకారం చెడదు, చెమట పీల్చదు. తోలు ఒంటికి మెత్తన, కానీ ఏళ్లు గడిచాక నోటి అంచు మెత్తబడి లోపలికి మడత పడుతుంది. ఆ మడత ట్రిగ్గర్ గార్డ్‌లో దూరి పిస్టల్ పేలిన ప్రమాదాలు ఉన్నాయి. అంచు వంగడం మొదలైన తోలు హోల్‌స్టర్‌ను ఆ రోజే పక్కన పడేయాలి. అన్ని పిస్టళ్లకూ సరిపోతుందని అమ్మే నైలాన్ సంచులు కొనకండి.

బెల్టును తక్కువ అంచనా వేస్తారు. సుమారు 38 మిల్లీమీటర్ల వెడల్పు, మెలిక పడని గట్టిదనం కావాలి. తూటాలు నింపిన గ్లాక్ 19 అనే పిస్టల్ సుమారు 850 గ్రాములు ఉంటుంది. మామూలు ఆఫీసు బెల్టు ఆ బరువుకు కిందికి వాలి, పిడిని ఒంటికి దూరంగా వదిలేస్తుంది. ఖాళీ పిస్టల్‌ను తీస్తున్నప్పుడు బెల్టు కూడా పైకి లేస్తోందంటే అది చాలదు. రంధ్రాల మధ్య దూరం ఒక అంగుళం ఉంటే ఒక రంధ్రం బిగువు, పక్కది వదులు అవుతుంది. కొద్దికొద్దిగా బిగించుకునే రకం మేలు. లోపలి హోల్‌స్టర్‌కు ప్యాంటు నడుము ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ తీసుకోండి.

పిస్టల్ సైజు విషయంలో ఒక పొరపాటు అందరూ చేస్తారు: పొట్టి గొట్టం కోసం వెతుకుతారు. గ్లాక్ 17 గొట్టం 114 మిల్లీమీటర్లు, గ్లాక్ 19 గొట్టం 102. ఆ తేడా ప్యాంటు లోపల దాగిపోతుంది. చొక్కా మీద బయటపడేది పిడి. దాచడం కష్టంగా ఉంటే గొట్టం కన్నా పిడి పొట్టిగా ఉన్న పిస్టల్ చూడాలి.

7. ఒంటి తీరును బట్టి

సన్నటివాళ్లకు ముందు స్థానం బాగా కుదురుతుంది, తుంటి వెనక ఎముక గుచ్చుకుంటుంది. పొట్ట ముందుకున్నవాళ్లకు కూర్చున్నప్పుడు పొట్ట పిడి మీదికి వాలి చెయ్యి దూరదు. వాళ్లు ముందుగా 3.30–4 చూడాలి. పొట్ట ఉంటే ముందు స్థానం పనికిరాదని కొట్టిపారేయకండి, కొందరికి హోల్‌స్టర్‌ను 1 సెంటీమీటరు పైకి లేపి దిమ్మ వేస్తే చక్కగా అమరుతుంది.

నడుము నుంచి తుంటికి వంపు ఎక్కువున్న ఆడవాళ్లకు 3, 4 గంటల దగ్గర హోల్‌స్టర్ కింది భాగాన్ని తుంటి బయటకు తోస్తుంది, పిడి పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. ముందు స్థానం, లేదా హోల్‌స్టర్‌ను కాస్త కిందికి దించి ఒంటికి దూరంగా నిలిపే బెల్టు బిగింపు చూడండి. ప్యాంటు నడుము ఎత్తు మారితే అన్నీ మారతాయి, కాబట్టి ఏ ప్యాంటుతో పరీక్షించారో రాసుకోండి.

నడుము నొప్పి, డిస్కు సమస్య ఉన్నవాళ్లు 4 నుంచి 6 దాకా వదిలేయాలి.

8. ఇంట్లో పరీక్ష, వరుసగా

నమూనాతో లేదా ఖాళీ పిస్టల్‌తోనే. ఒక్కో స్థానానికి ఈ పనులన్నీ చేయండి:

- రెండు చేతులూ పూర్తిగా పైకెత్తడం
- నడుము వంచి నేల మీది వస్తువు తీయడం, తర్వాత మోకాళ్లు వంచి తీయడం
- చేతులున్న కుర్చీలో పది నిమిషాలు, లోతైన సోఫాలో పది నిమిషాలు
- ఆపి ఉంచిన కారు సీట్లో బెల్టు పెట్టుకోవడం, విప్పడం
- మెట్లెక్కి దిగడం, పది అడుగులు పరుగెత్తడం
- ఇంట్లోవాళ్లను కౌగిలించుకోవడం

ప్రతిదాని పక్కనా నాలుగు విషయాలు రాయండి: ఆకారం కనబడిందా, గుచ్చుకుందా, చోటు తప్పి జరిగిందా, చెయ్యి అందిందా. మొదటిది ఫొటోలు చూసి రాయండి. అద్దంలో మీరు వెతుకుతున్నది మీకు కనబడుతూనే ఉంటుంది, ఎదుటివాళ్లకు కనబడదు.

చెయ్యి అందిందో లేదో ఇలా తేల్చండి. ఎడమచేత్తో చొక్కా పైకి లాగండి. కుడిచేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య భాగం పిడి వెనక పైదాకా ఆనాలి, నడిమి వేలు ట్రిగ్గర్ గార్డ్ కింద తగలాలి, చూపుడు వేలు నిటారుగా హోల్‌స్టర్ బయట ఉండాలి. పట్టు ఇక్కడే పూర్తవ్వాలి, తీశాక సర్దుకోవాల్సి వస్తే ఎత్తు తక్కువైనట్టు. హోల్‌స్టర్‌ను 5 మిల్లీమీటర్లు పైకి జరిపి మళ్లీ చూడండి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ఎత్తు, వంపు, దిమ్మ మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

నెగ్గిన స్థానంతో ఇంట్లోనే మొదటి రోజు రెండు గంటలు, తర్వాత సగం రోజు, తర్వాత పూర్తి రోజు గడపండి. వారం తిరిగేలోగా ఒత్తిడి అలవాటవుతుంది. పదునైన నొప్పి, తిమ్మిరి మాత్రం అలవాటు చేసుకోవాల్సినవి కావు. తొడ బయటి వైపు మంట, మొద్దుబారినట్టుండటం వస్తే తుంటి ముందు భాగంలో నరం నొక్కుకుపోతుండవచ్చు. బెల్టు వదులు చేసి స్థానం జరపండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

9. తిరిగి పెట్టే పద్ధతి

తీయడం వేగంగా నేర్పేవాళ్లు చాలామంది. పెట్టడానికి తొందర ఎప్పుడూ ఉండదు.

1) చూపుడు వేలు ట్రిగ్గర్ గార్డ్ బయట, ఫ్రేమ్ (పిస్టల్ చట్రం) మీద నిటారుగా ఉంచి ఆగండి. పేలకుండా ఆపే సేఫ్టీ మీట బయట ఉంటే వేయండి.
2) ఎడమచేత్తో చొక్కా పైకి లాగి పట్టుకోండి. జాకెట్ తాళ్లు, వాటి చివరి ప్లాస్టిక్ బిళ్లలు దగ్గర్లో లేకుండా చూడండి. అవి ట్రిగ్గర్ గార్డ్‌లో చిక్కుకుంటాయి.
3) హోల్‌స్టర్ నోటిని కంటితో చూడండి.
4) ముందు స్థానమైతే నడుము ముందుకు తోసి పైభాగం వెనక్కి వాల్చండి. మూతి ఒంటి నుంచి దూరం జరుగుతుంది.
5) హ్యామర్ (తూటాను పేల్చే వెనకవైపు సుత్తి) బయటకున్న పిస్టల్ అయితే బొటనవేలు దాని మీద ఉంచండి. ట్రిగ్గర్ మీద ఏదైనా పడితే హ్యామర్ కదలిక వేలికి తెలుస్తుంది.
6) నెమ్మదిగా దించండి. ఎక్కడ అడ్డు తగిలినా నొక్కకండి. బయటకు తీసి చూడండి.

ఎడమచేతిని హోల్‌స్టర్ నోటికి అడ్డంగా ఎప్పుడూ పెట్టకూడదు. ఉదయం పెట్టుకునేటప్పుడు అన్నిటికన్నా క్షేమమైన దారి, ముందుగా పిస్టల్‌ను హోల్‌స్టర్‌లో పెట్టి, ఆ రెండిటినీ కలిపి బెల్టుకు బిగించుకోవడం.

10. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటి మందు

పిడి చివర చొక్కా మీద ముల్లులా లేస్తోంది: వంపు కొద్దిగా మార్చండి, రెక్క ముక్క బిగించండి. అప్పటికీ ఉంటే మెత్తటి జారుడు గుడ్డ బదులు కాస్త మందం గుడ్డ, ముదురు రంగు లేదా గళ్ల చొక్కా వేసుకోండి.

మధ్యాహ్నానికి హోల్‌స్టర్ జారిపోతోంది: క్లిప్పు ప్యాంటుకు బెల్టు దూర్చే పట్టీ పక్కనే ఉండేలా జరపండి. పట్టీ అడ్డుకుని ఆపుతుంది.

కూర్చున్నప్పుడు పక్కటెముకల్లో పొడుస్తోంది: ఎత్తు తగ్గించండి, కానీ పట్టు పూర్తిగా దొరుకుతోందో లేదో మళ్లీ చూశాకే స్థిరపరచండి.

చెమటకు తుప్పు: హోల్‌స్టర్‌కూ ఒంటికీ మధ్య బనియన్ ఉండాలి. రోజు చివర పొడి గుడ్డతో తుడిచి, లోహం మీద పల్చగా నూనె రాయండి.

మాటిమాటికీ చెయ్యి అటే పోతోంది: ఇది సామాను లోపం కాదు. ఇంట్లో నమూనాతో ఇంకో వారం తిరగండి.

వారానికో స్థానం మారుస్తున్నారు: అవసరం పడినప్పుడు చెయ్యి పాత చోటుకు పోతుంది. ఒకటి ఎంచుకుని కొన్ని నెలలు ఉండండి.

11. బయట తిరిగేటప్పుడు

మరుగుదొడ్డిలో పిస్టల్ హోల్‌స్టర్‌లోంచి బయటకు రాకూడదు. కొక్కేనికి తగిలించడం, ట్యాంకు మీద పెట్టడం చేస్తే అక్కడే మరచిపోతారు. ప్యాంటును మోకాళ్ల పైనే ఆపి, బెల్టు బిగించి ఉంచి, హోల్‌స్టర్ రెండు తొడల మధ్య ప్యాంటులోనే ఉండేలా చూసుకోండి. గోడ కింది సందులోంచి అది కనబడదు.

కారులో ఇబ్బంది పెడుతోందని తీసి డ్యాష్‌బోర్డు అరలోనో సీటు పక్కనో పెట్టకండి. సీటు బెల్టు పెట్టుకున్నాక నడుము పట్టీని పిడి కిందుగా, చొక్కాను పట్టీ పైగా సర్దుకోండి.

పిస్టల్ చేజారితే పట్టుకోబోకండి. గాల్లో పట్టుకోబోయిన వేళ్లు ట్రిగ్గర్ మీద పడతాయి. కింద పడనిచ్చి, తర్వాత తీయండి.

ఇంటికి రాగానే హోల్‌స్టర్‌తో సహా విప్పి తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. దిండు కింద, బీరువా మీద పెట్టడం దాచినట్టు కాదు.

వారానికోసారి పిస్టల్ ఖాళీ చేసి ఇవి చూడండి:

- హోల్‌స్టర్ లోపల దుమ్ము, దూది
- స్క్రూలు వదులయ్యాయా. మరలు కదలకుండా పట్టే మధ్యరకం జిగురు ఒక చుక్క వేస్తే నిలుస్తాయి
- క్లిప్పుల్లో, ప్లాస్టిక్ అంచుల్లో పగుళ్లు
- రోజూ చాంబర్‌లోకి ఎక్కించి దించే తూటా, దాని తల లోపలికి నొక్కుకుపోయిందా. పొట్టిదైన తూటాను మళ్లీ వాడకూడదు

బరువు నాలుగైదు కిలోలు మారినా, కొత్త పిస్టల్ కొన్నా, భుజానికో వెన్నుకో దెబ్బ తగిలినా, గర్భం వచ్చినా 8వ దశలోని పరీక్షలు మళ్లీ మొదటి నుంచి చేయాలి.